అయిదు ఘడియలకొక ఉపచారం

‘ఉపచారం’ అనే పదం మన వాఙ్మయంలో రెండు చోట్ల నివసిస్తుంది. దేవాలయంలో స్వామికి జరిపే షోడశోపచారాలు ఒక చోటు. ఆయుర్వేదంలో రోగికి జరిపే పరిచర్య రెండవ చోటు. ‘ఉప’ అంటే సమీపం. ‘చర’ ధాతువుకు సంచరించుట అని అర్థం. సమీపంలో మెలగుతూ చేసేదే ఉపచారం. దూరాన నిలిచి నమస్కరించడం భక్తి కావచ్చు గాని, ఉపచారం కాదు.

చరక సంహిత సూత్రస్థానం చికిత్సకు నాలుగు పాదాలను నిర్దేశించింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స నిలవదు. పరిచారకునికి మళ్ళీ నాలుగు గుణాలు విధించింది. ఉపచార విధానం తెలిసి ఉండటం, దక్షత, సేవింపబడే వానిపై అనురాగం, శౌచం. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. గణనలో మొదట వచ్చినది అనురాగం కాదు, ఉపచార జ్ఞానం. ప్రేమ ఉండి తెలివిడి లేని సేవ రోగికి హాని చేయగలదని మహర్షులకు తెలుసు.

ఆ జ్ఞానానికి అతి కఠినమైన పరీక్ష శయ్యాగతుని దేహం. పక్షవాతం, తుంటి ఎముక విరుగుట, వెన్నుపూస దెబ్బతినుట, అతి వార్ధక్యం మొదలైన కారణాల వల్ల మంచం విడువలేని వారికి నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. జనవ్యవహారంలో ఇవి పడక పుండ్లు. శయ్యావ్రణాలని కూడా అంటారు. అనేక భక్త గృహాలలో వీటిని వ్యాధిలో భాగమనో, ప్రారబ్ధ ఫలమనో భావించి ఊరుకుంటున్నారు. ఇవి అధిక భాగం నివారింపదగినవి. నివారణకు కావలసినది ధనం కంటే ముందు దృష్టి, హస్తం, కాలనియమం.

వ్రణోత్పత్తి క్రమం

ఆరోగ్యవంతుడు నిద్రలో సైతం మాటిమాటికీ ఒత్తిగిలుతాడు. తాను ఒత్తిగిలినట్లు అతనికి తెలియదు. ఒక చోట బరువు ఎక్కువసేపు నిలిచితే ఆ భాగం బాధను తెలుపుతుంది, ప్రాణశక్తి దేహాన్ని పక్కకు తిప్పుతుంది. మనకు తెలియకుండానే మన దేహానికి రాత్రంతా ఒక ఉపచారం జరుగుతున్నదన్న మాట. కదలిక గాని, స్పర్శజ్ఞానం గాని లోపించిన వానికి ఆ అంతరంగ సేవ ఆగిపోతుంది.

అప్పుడు ఎముకకూ పడకకూ మధ్య చిక్కిన మాంసం నలుగుతుంది. అందులోని సూక్ష్మ రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కణజాలం కొన్ని గంటల్లోనే చనిపోవడం ఆరంభిస్తుంది. దీనికి మరి మూడు కారణాలు తోడవుతాయి. తల వైపు ఎత్తుగా పెట్టిన రోగి కిందికి జారుతున్నప్పుడు చర్మం దుప్పటిని అంటిపెట్టుకొని ఉండగా లోపలి ఎముక మాత్రం జారుతుంది. ఆ కోతకు నాళాలు సాగి నలుగుతాయి. మంచం మీద ఈడ్చినప్పుడు కలిగే రాపిడి రెండవది. చెమట, మూత్రం, మలం వల్ల చర్మం నానిపోవడం మూడవది.

వెల్లకిలా పరుండిన వానికి త్రికాస్థి, అనగా పిరుదుల పైభాగాన వెన్ను ముగిసే చోటు, మడమలు, భుజఫలకాలు, మోచేతులు, తల వెనుక భాగం ప్రమాద స్థానాలు. పక్కకు పరుండిన వానికి తుంటి, చీలమండ, మోకాలి పక్కభాగం, చెవి. కుర్చీలో కూర్చుండే వానికి పిరుదుల అడుగు ఎముకలు.

వైద్యులు దీనిని నాలుగు దశలుగా విభజిస్తారు. మొదటి దశలో చర్మం చెక్కుచెదరదు. కాని ఒక చోట ఎరుపు నిలిచిపోతుంది. వేలితో నొక్కి వదిలితే సహజమైన ఎరుపు క్షణకాలం పాలిపోయి తిరిగి వస్తుంది, వ్రణారంభమైతే పాలిపోదు. మన వారి శ్యామవర్ణ చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు. కనుక పక్క చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం, మెత్తదనం, నీలిమ, నొప్పి గమనించాలి. రెండవ దశలో పైచర్మం లేచిపోతుంది, లేదా బొబ్బ ఏర్పడుతుంది. మూడవ దశలో కొవ్వు పొర కనిపిస్తుంది. నాల్గవ దశలో వ్రణం కండరాన్ని, ఎముకను చేరుతుంది. చర్మం తెగకముందే హాని ఆరంభమవుతుంది గనుకనే 2016లో అమెరికాలోని నిపుణుల సంఘం దీనిని ‘పుండు’ అనే పేరుతో కాక ‘ఒత్తిడి వల్ల కలిగిన గాయం’ అని వ్యవహరించాలని నిర్ణయించింది.

ఈ గాయాన్ని చిన్నదిగా భావించరాదు. సూపర్‌మ్యాన్ పాత్రతో లోకప్రసిద్ధుడైన నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీద నుండి పడి మెడ కింద కదలిక కోల్పోయాడు. 2004 అక్టోబరులో మరణించే నాటికి ఆయన ఇటువంటి గాయం విషపూరితమై చికిత్స పొందుతున్నాడు. సంపద, కీర్తి, వైద్య సౌకర్యం ఉన్న చోట సైతం ఇది ప్రవేశించగలదు.

ఒక అగ్రహార గృహం

కోనసీమలోని ఒక అగ్రహారంలో డెబ్బది దాటిన ఒక ఘనపాఠి ఉన్నారు. జ్యోతిషంలోనూ గట్టివారు. ఎడమవైపు పక్షవాతం వచ్చి మంచం పట్టారు. మాట తడబడింది గాని మేధ చెదరలేదు. ఇంటిలో వృద్ధురాలైన భార్య, శివాలయ అర్చకుడైన కుమారుడు, కోడలు.

ఆ ఇంటిలో ప్రేమకు లోటు లేదు. ప్రతి ప్రాతఃకాలం శిష్యులు వచ్చి ఆయన ఎదుట పారాయణ చేసేవారు. ఆయన వినడానికి వీలుగా నులక మంచం మీద దిండ్లు పేర్చి మూడు గంటల సేపు ఆనించి కూర్చోబెట్టేవారు. ఆయన మెల్లమెల్లగా జారేవారు. చంకల కింద చేతులు వేసి పైకి ఈడ్చేవారు. మంచం తడవకుండా రబ్బరు షీటు పరిచారు. మొలతాడుకు రక్షగా తాయెత్తు కట్టారు. ఏకాదశి నాడు ఆయన కోరిక మేరకు ఉపవాసం ఉంచారు. నడుము కింద ఎర్రబడినప్పుడు వేడి చేసిందని గంధం పూశారు.

తరువాత తొమ్మిది దినాలు ఆ చోటును ఎవరూ చూడలేదు. కుమారుడు తెల్లవారుజామున మడి కట్టుకొని గుడికి వెళ్ళవలసినవాడు గనుక తాకలేదు. కోడలికి మామగారి దేహాన్ని చూడటానికి సంకోచం. భార్యకు దృష్టి మందం. ముగ్గురి కారణాలూ గౌరవింపదగినవే. ఆ మూడు కారణాల నడుమ వ్రణం పెరిగింది.

బీ.పీ. చూడటానికి వచ్చిన ఏ.ఎన్.ఎం. వాసన గమనించి ఆయనను పక్కకు తిప్పింది. పైకి రూపాయి బిళ్ళంత రంధ్రం. లోపల చర్మం అడుగున గుంట చాలా దూరం వ్యాపించి ఉన్నది. “మామ్మగారూ, ఇది గంధంతో తగ్గేది కాదు. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి” అన్నది. శస్త్రవైద్యుడు చనిపోయిన కణజాలాన్ని తొలగించాడు. ఆ గుంట పూడటానికి ఏడు మాసాలు పట్టింది.

పరామర్శకు వచ్చిన పెద్దలలో ఒకరు మంచం పక్కన కూర్చొని, “ఎంతటివారికైనా ప్రారబ్ధం తప్పదు. దేహం అనిత్యం కదా” అన్నారు. కుమారుడు తల ఊపాడు. వారు వెళ్ళిన తరువాత వృద్ధుడు కుమారుని పిలిచి, తడబడుతున్న మాటతోనే, “ఒరే, అది నేను అనుకోవలసిన మాట. నువ్వు అనుకోవలసింది కాదు” అన్నారు.

ఉత్తమ పురుషలోని వాక్యం

ఆ ఘనపాఠి పలికిన మాటలో వేదాంత మర్మమంతా ఇమిడి ఉన్నది. దేహం నేను కాదు అనే విచారణ ఉత్తమ పురుషలో చేయవలసినది. ‘నేను’ అనే కర్త లేకుండా ఆ వాక్యానికి అర్థం లేదు. సాధకుడు తన నొప్పిని సాక్షిగా దర్శిస్తే అది వైరాగ్యం. అదే వాక్యాన్ని ఎదుటివాని నొప్పికి అన్వయిస్తే అది నిర్దయ. ఆకలిగొన్న అతిథికి దేహమిథ్యాత్వం బోధించి పంపిన గృహస్థుణ్ణి ఏ శాస్త్రమూ జ్ఞాని అనదు.

ప్రారబ్ధం మాటా అంతే. కదలలేని స్థితి ప్రారబ్ధమని రోగి భావించి శాంతి పొందవచ్చు. అయితే మంచం పక్కన నిలిచినవాని చేతులలో ఉన్నది ఆగామి కర్మ. తిప్పగలిగి తిప్పకపోవడం అతని ఖాతాలో చేరుతుంది. యోగవాసిష్ఠంలోని ముముక్షు వ్యవహార ప్రకరణం దైవాన్ని సాకుగా చూపి పురుష ప్రయత్నాన్ని విడిచిన వారిని తీవ్రంగా మందలించింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో పరిచర్యపై వెలువరించిన గ్రంథంలో ఇదే చెప్పింది. శయ్యావ్రణం సాధారణంగా వ్యాధి దోషం కాదని, పరిచర్యా దోషమని ఆమె నిర్ణయం.

దీనికొక మినహాయింపు ఉన్నది. అంతిమ దినాలలో దేహమంతటా రక్తప్రసారం క్షీణించినప్పుడు, ఎంత జాగ్రత్త వహించినా చర్మం కొన్నిసార్లు తెగుతుంది. అటువంటి వేళ సేవచేసిన కుటుంబాన్ని నిందించడం అధర్మం.

మడి విషయంలో ఆ కుమారునికి కలిగిన సందేహం చాలా మంది అర్చకులది. స్పర్శ వల్ల కలిగిన అశుచికి స్నానం ఉన్నది. తాకకపోవడం వల్ల కలిగిన వ్రణానికి స్నానం లేదు. చరకుడు పరిచారకునికి విధించిన శౌచం దూరంగా ఉండటం కాదు. సేవకు ముందూ తరువాతా చేతులు కడుక్కోవడం, రోగిని, వస్త్రాన్ని, శయ్యను పరిశుభ్రంగా ఉంచడం ఆ శౌచం. ఆ కుమారుడు తెల్లవారుజామున మూడు గంటలకు తండ్రిని తిప్పి, శుభ్రపరచి, అటుపై తలస్నానం చేసి గుడికి వెళ్ళడం నేర్చుకున్నాడు. సాయంకాల పూజను జ్ఞాతి యువకునికి అప్పగించాడు.

అనుష్ఠాన క్రమం

ఒక ఘడియ ఇరవై నాలుగు నిమిషాలు. అయిదు ఘడియలు సరిగ్గా రెండు గంటలు. శయ్యాగతుని పార్శ్వం మార్చడానికి సర్వసాధారణంగా చెప్పే కాలం ఇదే. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ వైద్యశాలలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు వెన్నెముక దెబ్బతిన్న సైనికులను రాత్రింబవళ్ళు రెండు గంటలకొకసారి తిప్పించే నియమం పెట్టాడు. అంతకు ముందు అటువంటి రోగులు పుండ్లతోనూ, మూత్ర సంబంధమైన విషదోషాలతోనూ మరణించడమే పరిపాటి. రోగి చర్మస్థితిని, పరుపును బట్టి ఈ వ్యవధిని నర్సు లేదా వైద్యుడు మార్చవచ్చు. అంతవరకు రెండు గంటలనే పాటించాలి.

దినానికి పన్నెండు లగ్నాలు. ఒక్కొక్కటి సుమారు రెండు గంటలు. ఆ ఘనపాఠి మంచం మీద నుండే లగ్నాలను గణించుకొని, “కర్కాటకం దాటింది, తిప్పండి” అనేవారు. కోడలు గడియారం చూసుకొని గోడకు తగిలించిన కాగితం మీద గుర్తు పెట్టేది. ఎవరు తిప్పారు, ఏ వైపుకు తిప్పారు అన్న రెండు మాటలు ఆ కాగితం మీద ఉంటే ఇంటిలో వాదాలు ఉండవు, విస్మృతి ఉండదు.

తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి ఎముక మీద పడుకోబెట్టరాదు. వీపు వెనుక దిండు పెట్టి సుమారు ముప్పై డిగ్రీల వాలులో ఉంచాలి. మోకాళ్ళ మధ్య, చీలమండల మధ్య మెత్తని గుడ్డ గాని చిన్న దిండు గాని ఉండాలి. మడమల కింద దిండు పెట్టరాదు; పిక్కల కింద పెట్టి మడమలను గాలిలో తేలనివ్వాలి. తల వైపు ముప్పై డిగ్రీలకు మించి ఎత్తుగా ఉంచరాదు. భోజన సమయంలో, తరువాత అరగంట సేపు కూర్చోబెట్టడం అవసరం, పొరబోకుండా ఉండటానికి. అటుపై దించివేయాలి. కుర్చీలో కూర్చున్నవారు పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వాలి బరువు మార్చుకోవాలి. స్వయంగా చేయలేనివారికి ఇతరులు చేయించాలి.

పైకి జరపవలసి వచ్చినప్పుడు ఈడ్చరాదు. నడుము కింద అడ్డంగా పరచిన దుప్పటిని ఇద్దరు చెరొక వైపు పట్టుకొని ఎత్తి జరపాలి. ఆ ఇంటి కోడలికి ఏ.ఎన్.ఎం. నేర్పిన మొదటి విద్య ఇదే. దుప్పటి ముడతలు, పంచె ముడి, మొలతాడు తాయెత్తు, గుండీలు దేహం కిందికి పోకుండా చూడాలి. కుంగిపోయే నులక, నవారు మంచాలకు బదులు చదునైన మంచం మీద మంచి ఫోము పరుపు గాని, గాలి మారుతూ ఉండే ఎయిర్ బెడ్ గాని మేలు. ఎయిర్ బెడ్ ఉన్నంత మాత్రాన తిప్పడం మానరాదు. మధ్యలో రంధ్రం ఉన్న గాలి చక్రాలు ఉపయోగింపరాదు. అవి చుట్టూ ఒత్తి మధ్యలోని రక్తప్రసారాన్ని మరింత తగ్గిస్తాయి.

అర్చకుడు ప్రతిదినం నిర్మాల్యం తొలగించేటప్పుడు మూర్తిని నఖశిఖ పర్యంతం పరికిస్తాడు. రోగి స్నాన వేళ కూడా అదే పరిశీలన జరగాలి. మంచి వెలుతురులో, దినానికి కనీసం ఒకసారి, ప్రమాద స్థానాలన్నీ చూడాలి. ఎర్రబడిన చోటును ఎన్నడూ మర్దనా చేయరాదు. సేవా భావంతో తైలం పట్టించి గట్టిగా రుద్దితే అడుగున బలహీనమైన కణజాలం చిరుగుతుంది. ఆ చోటు మీద బరువు పడకుండా చేయడమే మందు. మలమూత్రాలు అంటిన వెంటనే గోరువెచ్చని నీటితో మృదువుగా కడిగి, అద్ది ఆరబెట్టి, జింకు ఆక్సైడు వంటి రక్షక లేపనం పలుచగా రాయాలి. రబ్బరు షీటును నేరుగా చర్మానికి తగలనివ్వరాదు. తడిసిన డైపరును వెంటనే మార్చాలి.

ఆహారం విషయంలో భక్త గృహాలకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఉన్నది. పథ్యం పేరిట జావ, చారన్నం మాత్రమే పెడితే చర్మం నిలవదు. వ్రణ ప్రమాదం ఉన్నవారికి దేహభారంలో ప్రతి కిలోకు సుమారు 1.25 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు దినానికి అవసరమని పోషకాహార నిపుణులు చెబుతారు. 50 కిలోల వానికి ఇది 62 నుండి 75 గ్రాములు. లీటరు పాలలో దాదాపు 32 గ్రాములు లభిస్తాయి. పాలు, గట్టి పెరుగు, ముద్దపప్పు, పెసరకట్టు, పనీరు, వేరుశనగలతో శాకాహారికి ఇది సాధ్యమే. నమలలేనివారికి మెత్తగా చేసి పెట్టాలి. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగాలి. ఏకాదశి మొదలైన ఉపవాసాల నుండి ధర్మశాస్త్రం రోగికి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును స్వీకరించడం కూడా శాస్త్రపాలనమే.

వ్రణం తెగిన తరువాత పసుపు, బొగ్గు, విభూతి, స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు, మాత్రల పొడి వేయరాదు. సెలైనుతో శుభ్రపరచి వైద్యుడు చెప్పిన కట్టు కట్టాలి. గాలికి ఎండబెడితే మానుతుందనే విశ్వాసం సరికాదు. తగినంత తేమ నిలిపే కట్టు కింద కొత్త చర్మం త్వరగా వస్తుంది. వ్రణానికి అరవై ఉపక్రమాలను వివరించిన సుశ్రుత సంహిత కూడా ఒకే లేపనాన్ని అన్ని వ్రణాలకూ విధించలేదు. అవస్థను బట్టి క్రియ మారుతుంది. దుర్వాసన, చీము, నల్లని పెచ్చు, చుట్టూ వ్యాపించే ఎరుపు, జ్వరం, అకస్మాత్తుగా మతి తప్పడం కనిపిస్తే ఇంటిలో ఆగరాదు. ఆ దినమే వైద్యునికి చూపించాలి.

సేవకుని దేహం

రాత్రింబవళ్ళు పన్నెండు పర్యాయాలు ఒక దేహాన్ని తిప్పడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆలయంలో నిత్యపూజకు వంతులు ఉన్నాయి. ఇంటిలో ఈ పూజకు మాత్రం వంతులు ఉండవు; అధిక గృహాలలో అది కోడలి మీదనో కుమార్తె మీదనో పడి ఉంటుంది. ఆమె నడుము విరిగితే మంచం మీద ఉన్నవాని చర్మం కూడా తెగుతుంది. కుమారులు రాత్రి వంతు తీసుకోవాలి. దూరదేశంలో ఉన్నవారు డబ్బు పంపి ఊరుకోక, వంతుకు సహాయకురాలిని నియమించాలి. పురుషుని దేహశుద్ధి పురుషుడు చేస్తే రోగి లజ్జ కూడా కాపాడబడుతుంది. తాకేముందు “నాన్నగారూ, ఎడమవైపుకు తిప్పుతున్నాను” అని చెప్పడం చిన్న మాట. ఆ మాట లేనప్పుడు రోగి తనను ఒక వస్తువుగా తలచుకుంటాడు.

తల్లిదండ్రులను దైవంగా భావించమని తైత్తిరీయం బోధించింది. దైవంగా భావించడం అంటే కాళ్ళకు దండం పెట్టడం మాత్రమే కాదు. ఆ కాళ్ళ మడమలు దుప్పటికి ఒరుసుకుంటున్నాయో లేదో రాత్రి రెండు గంటలకు లేచి చూడటం కూడా. మంచం పట్టిన పెద్దలు ఇంటిలో ఉన్న సాధకులు ఈ రాత్రి నుండే దీపం పట్టుకొని ఒకసారి చూడాలి, గోడకు కాగితం తగిలించాలి, ఎవరు ఏ వంతు లేస్తారో నిశ్చయించుకోవాలి.